గోడ, గేటు, గోలు: యూరప్ కప్పు ఫైనల్స్ కథ

ప్రతి ఏడాది మే ఆఖర్లోనో జూన్ మొదట్లోనో ఒక రాత్రి మా క్యాంపు మెస్ హాల్లో లైట్లు ఆర్పరు. యూరప్ క్లబ్బుల ఫుట్‌బాల్ ఫైనల్ జరిగే రాత్రి అది. 2025 దాకా అక్కడ రాత్రి 9 గంటలకు మొదలైతే మన దోహాలో 10 అయ్యేది. తెలుగువాళ్ళకు క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టదని పేరు కదా, మాకూ మొదట్లో అంతే. మలయాళీ తమ్ముళ్ళు, ఘనా, కెన్యా వాళ్ళు, ఈజిప్టు మేస్త్రీలు టీవీ ముందు అరుస్తుంటే, "గిదేం ఆటనే, గంటన్నర ఉరికితే ఒక్క గోలా?" అని నవ్వుకుంటూ రూములకు పోయేవాళ్ళం. తర్వాత ఒక ఏడాది కూర్చున్నాం. ఆ మరుసటి ఏడాది ముందే పోయి కుర్చీ పట్టుకున్నాం.

ఆట అర్థమయ్యాక దాని వెనక కథ తెలుసుకోవాలనిపించింది. సైటు మీద పనిచేసేవాళ్ళం కాబట్టి అందులో రెండు సంగతులు మా కళ్ళకు ఎక్కువ ఆనాయి. ఆ ఫైనల్స్ ఆడినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచి వచ్చారన్నది ఒకటి. ఆ ఫైనల్స్ జరిగిన కట్టడాలు ఎలా ఉన్నాయన్నది రెండోది. ఆ రెండే ఇక్కడ చెప్పుకుందాం.

పేపరు ఆఫీసులో పుట్టిన పోటీ

1954 డిసెంబరులో ఇంగ్లండు క్లబ్బు వుల్వర్‌హాంప్టన్, హంగరీ క్లబ్బు హోన్వెద్‌ను 3-2తో ఓడించింది. ఇంగ్లండు పేపర్లు "ప్రపంచ చాంపియన్లు మేమే" అని రాసేశాయి. ఫ్రాన్సులో ఎకిప్ అనే క్రీడా పత్రికలో గాబ్రియేల్ అనో అనే పాత ఆటగాడు పనిచేసేవాడు. ఆయన ఈ మాట ఒప్పుకోలేదు. సొంత ఊళ్ళో ఒక మ్యాచ్ గెలిస్తే చాలదు, మాస్కో, బుడాపెస్ట్ పోయి కూడా గెలవాలి కదా అన్నాడు. అన్ని దేశాల చాంపియన్ క్లబ్బులకు కలిపి ఒక పోటీ పెట్టాలని పత్రిక పట్టుబట్టింది. 1955లో 16 క్లబ్బులతో యూరోపియన్ కప్ మొదలైంది.

మొదటి ఫైనల్ 1956 జూన్ 13న పారిస్‌లో జరిగింది. ఫ్రాన్సు క్లబ్బు రేన్స్ పది నిమిషాల్లోనే రెండు గోళ్ళు కొట్టింది. అయినా స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్ 4-3తో గెలిచింది. అప్పటి నుంచి 1960 దాకా వరసగా ఐదు కప్పులూ మాడ్రిడ్‌వే. ఈ రోజుకు వాళ్ళ ఖాతాలో 15 ఉన్నాయి. రెండో స్థానంలో ఉన్న మిలాన్‌కు 7.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. అదే 1956 ఆఖర్లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం ఫుట్‌బాల్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టును తయారుచేసిన కోచ్ మన హైదరాబాద్ మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా పనిచేసినాయన. అందులో ఆడిన తులసీదాస్ బలరామన్‌ది సికింద్రాబాద్. తెలుగువాళ్ళకు ఈ ఆట రాదన్నమాట నిజం కాదు. మనమే మర్చిపోయాం.

ఇల్లు విడిచినవాళ్ళు

మాడ్రిడ్ ఐదు కప్పులకు మూలస్తంభం ఆల్ఫ్రెదో ది స్టెఫానో. ఐదు ఫైనల్స్‌లోనూ గోలు కొట్టాడు. ఆయన పుట్టింది అర్జెంటీనాలో. బతుకుతెరువుకు కొలంబియా పోయి, అక్కడి నుంచి స్పెయిన్ వచ్చాడు.

పక్కనే ఆడిన ఫెరెంత్స్ పుష్కాష్ కథ ఇంకా బరువైనది. హోన్వెద్‌కు, హంగరీ జట్టుకు ఆయనే కెప్టెన్. 1956లో హంగరీలో తిరుగుబాటు వచ్చింది, సోవియట్ ట్యాంకులు దాన్ని అణిచేశాయి. ఆ సమయంలో ఈ పోటీ కోసమే జట్టు దేశం బయట ఉంది. పుష్కాష్ తిరిగి పోలేదు. ఆడకూడదని నిషేధం వేశారు. రెండేళ్ళు ఆట లేదు, ఒళ్ళు పెరిగింది, వయసు ముప్ఫై దాటింది. ఇక పనికిరాడని చాలామంది తీసిపారేశారు. 1958లో మాడ్రిడ్ పని ఇచ్చింది. రెండేళ్ళకు, 1960లో గ్లాస్గో హాంప్‌డెన్ పార్క్‌లో 1,27,000 మందికి పైగా చూస్తుండగా మాడ్రిడ్ 7-3తో ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్‌ను ఓడించింది. పుష్కాష్ 4 గోళ్ళు, ది స్టెఫానో 3 గోళ్ళు. ఏడుకు ఏడూ బయటి దేశం నుంచి వచ్చిన ఇద్దరే కొట్టారు.

1962 ఫైనల్లో ఆ మాడ్రిడ్‌నే పోర్చుగల్ క్లబ్బు బెన్‌ఫికా 5-3తో ఓడించింది. పుష్కాష్ అప్పుడు కూడా మూడు కొట్టాడు. కానీ ఆఖరి రెండు గోళ్ళు కొట్టి ఆటను తిప్పేసినవాడు యూసేబియో, అప్పటికి 20 ఏళ్ళ కుర్రాడు. పుట్టింది ఆఫ్రికాలోని మొజాంబిక్‌లో. అదే జట్టులో పెద్ద దిక్కుగా ఆడిన కొలూనా కూడా అక్కడివాడే. మొజాంబిక్ అప్పుడు పోర్చుగల్ ఏలుబడిలో ఉంది. 1975 వరకు దానికి స్వాతంత్య్రం రాలేదు. తమ దేశాన్ని ఏలుతున్నవాళ్ళకు కప్పు తెచ్చిపెట్టారన్నమాట. ఈ ముక్క చెప్పినప్పుడు మా రూములో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. 1967లో లిస్బన్‌లో ఇటలీ క్లబ్బు ఇంటర్‌ను 2-1తో ఓడించిన స్కాట్లండు క్లబ్బు సెల్టిక్‌లో ఆటగాళ్ళందరూ తమ స్టేడియానికి 30 మైళ్ళ లోపల పుట్టినవాళ్ళే. మన లెక్కలో చెప్పాలంటే ఒక జిల్లా జట్టు యూరప్ గెలిచినట్టు. వాళ్ళ మేనేజర్ జాక్ స్టీన్ ఒకప్పుడు బొగ్గుగనిలో పనిచేసినవాడు.

మరుసటి ఏడాది 1968లో మాంచెస్టర్ యునైటెడ్ గెలిచింది. దానికి సరిగ్గా పదేళ్ళ ముందు, 1958 ఫిబ్రవరి 6న, ఇదే పోటీలో బెల్‌గ్రేడ్‌లో ఆడి ఇంటికి వస్తుంటే మ్యూనిక్‌లో వాళ్ళ విమానం కూలింది. 23 మంది పోయారు, అందులో 8 మంది ఆటగాళ్ళు. ఆ విమానంలో ఉండి బతికిన బాబీ చార్ల్‌టన్ 1968 ఫైనల్లో రెండు గోళ్ళు కొట్టాడు. బతికిన మేనేజర్ మాట్ బస్బీ జట్టును మళ్ళీ మొదటినుంచి కట్టాడు. పని కోసం పోయి తిరిగి రాని మనిషి ఇంట్లో ఏం జరుగుతుందో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

1985: గోడ

ఇప్పుడు మేము అసలు చెప్పదలుచుకున్న సంగతి. 1985 మే 29న బ్రస్సెల్స్‌లో హేసెల్ స్టేడియం. లివర్‌పూల్, ఇటలీ క్లబ్బు యువెంటస్ మధ్య ఫైనల్. స్టేడియం 1930లో కట్టింది. అంతకుముందు మూడు ఫైనల్స్ అక్కడే జరిగాయి. కానీ 1985 నాటికి కట్టడం శిథిలమైపోయింది. మెట్ల కాంక్రీటు చేత్తో విరిగి వచ్చేంతగా పాడైంది. ఆ ముక్కలనే జనం ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. ఇక్కడ ఫైనల్ పెట్టొద్దని లివర్‌పూల్ అధికారులు ముందే అన్నారు. ఎవరూ వినలేదు.

జెడ్ అనే బ్లాకు ఏ జట్టుకూ చెందని మామూలు ప్రేక్షకులకు అని ఉంచారు. టికెట్లు మాత్రం చాలావరకు ఇటలీవాళ్ళ చేతికి వెళ్ళాయి. పక్క బ్లాకులోనే లివర్‌పూల్ అభిమానులు. మధ్యలో పల్చటి తీగ కంచె, కొద్దిమంది పోలీసులు. ఆట మొదలవ్వడానికి సుమారు గంట ముందు లివర్‌పూల్ గుంపు కంచె దాటి దూకింది. ఇవతలివాళ్ళు భయంతో వెనక్కి జరిగారు. వెనక గోడ. 39 మంది చనిపోయారు, వందలమందికి దెబ్బలు తగిలాయి. చనిపోయినవాళ్ళలో 11 ఏళ్ళ పిల్లవాడు కూడా ఉన్నాడు.

గోడ మీద పడి చనిపోయారని చాలామంది అనుకుంటారు. నిజానికి గోడ కూలకముందే దానికి ఒత్తుకుపోయి, ఒకరి కింద ఒకరు నలిగి, ఊపిరాడక పోయినవాళ్ళే ఎక్కువ. గోడ కూలాక ఆ సందులోంచి కొందరు బయటపడ్డారు కూడా. అంటే ఆ రాత్రి అక్కడ అన్నిటికంటే ముందు లేనిది దారి.

సైటు మీద ఉన్నవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. మామూలు గోడ తన బరువు తాను కిందికి మోస్తుంది. పక్క నుంచి తోస్తే ఆగదు. పక్క నుంచి వచ్చే ఒత్తిడి ఆపాలంటే పిల్లర్లు ఉండాలి, స్టీలు ఉండాలి, పునాది వెడల్పు ఉండాలి. కొన్నేళ్ళ క్రితం మేము పనిచేసిన ఒక సైటులో పొడుగాటి బ్లాక్ గోడ కట్టి, మధ్యలో పిల్లర్లు లేకుండానే దానికి ఆనించి లోడు లోడు ఇసుక పోశారు. ఇది తోస్తుంది, తీయించండి అని చెప్పాం. "రెండు రోజులే కదా" అన్నారు. మూడో రోజు పొద్దున టీ టైములో గోడ మొత్తం బోర్లా పడింది. అందరం టీ దగ్గర ఉన్నాం కాబట్టి ఈ రోజు ఈ వ్యాసం రాస్తున్నాం. ఆ మధ్యాహ్నమే ఇసుక తీయించారు. ఆ మాట రెండు రోజుల ముందు విని ఉంటే సరిపోయేది.

హేసెల్‌లో మ్యాచ్ ఆపలేదు. ఆపితే గొడవ ఇంకా పెరుగుతుందని భయపడి, గంటకు పైగా ఆలస్యంగా ఆడించారు. ప్లాటిని పెనాల్టీతో యువెంటస్ 1-0తో గెలిచింది. ఆ గెలుపును ఎవరూ సంతోషంగా తలుచుకోరు. ఇంగ్లండు క్లబ్బులను ఐదేళ్ళు, లివర్‌పూల్‌ను ఆరేళ్ళు యూరప్ పోటీల నుంచి వెలివేశారు. 14 మంది లివర్‌పూల్ అభిమానులకు శిక్షలు పడ్డాయి. బందోబస్తు చూసిన ఒక పోలీసు అధికారి, ఫుట్‌బాల్ అధికారులు కూడా బాధ్యులేనని కోర్టులు తేల్చాయి. తోసినవాళ్ళ తప్పు ఎంత నిజమో, పాడైన కట్టడంలోకి జనాన్ని పంపినవాళ్ళ తప్పూ అంతే నిజం. స్టేడియాన్ని తిరగకట్టి 1995లో కింగ్ బోదువాన్ పేరుతో తెరిచారు. ఈ కప్పు ఫైనల్ మళ్ళీ అక్కడ జరగలేదు.

పేరు మారింది, డబ్బు పెరిగింది

1992లో పోటీ పేరు చాంపియన్స్ లీగ్ అయింది. టీవీ డబ్బు వచ్చింది. మునుపు ఒక దేశం నుంచి చాంపియన్ క్లబ్బే ఆడేది. 1997 నుంచి పెద్ద లీగుల్లో రెండో స్థానం వాళ్ళనూ, ఆ తర్వాత మూడు, నాలుగు స్థానాల వాళ్ళనూ రానిచ్చారు. 1986లో రుమేనియా క్లబ్బు స్తావా బుకారెస్ట్, గోల్‌కీపర్ దుకడామ్ నాలుగు పెనాల్టీలు ఆపడంతో బార్సిలోనాను ఓడించింది. 1991లో యుగోస్లావియా క్లబ్బు రెడ్ స్టార్ గెలిచింది. అలాంటి దేశాల క్లబ్బులు ఇప్పుడు ఫైనల్ దాకా రావడం కలలాంటి మాట.

ఆట మాత్రం చావలేదు. 1999లో బార్సిలోనాలో 90 నిమిషాలు అయ్యేదాకా బాయర్న్ 1-0తో ముందుంది. అదనపు నిమిషాల్లో షెరింగమ్, సోల్‌షార్ చెరొకటి కొట్టి కప్పు మాంచెస్టర్‌కు తీసుకుపోయారు. 2005లో ఇస్తాంబుల్‌లో సగం ఆటకు మిలాన్ 3-0. తర్వాత ఆరు నిమిషాల్లో లివర్‌పూల్ మూడూ తిరిగి కొట్టి, పెనాల్టీల్లో గెలిచింది. "ఫినిషింగ్ పని అయ్యేదాకా బిల్లు పెట్టొద్దు" అని మా ఫోర్‌మాన్ అనే మాట ఇందుకే.

హేసెల్ పాఠం మాత్రం అందరూ నేర్చుకోలేదు. 2022లో పారిస్ ఫైనల్‌కు వచ్చిన లివర్‌పూల్ అభిమానులు గేట్ల దగ్గర ఇరుకులో చిక్కుకున్నారు. పోలీసులు టియర్ గ్యాస్ కొట్టారు. ఆట అరగంటకు పైగా ఆలస్యమైంది. తప్పంతా దొంగ టికెట్లతో వచ్చిన జనానిదే అని మొదట చెప్పారు. 2023లో వచ్చిన స్వతంత్ర నివేదిక, ముఖ్య బాధ్యత పోటీ నడిపే యూఎఫాదేనని తేల్చింది. పెద్ద ప్రమాదం తప్పింది అదృష్టం వల్లేనని కూడా అంది. ప్రమాదం జరగ్గానే ముందు కింది మనిషి మీదికి వేలు చూపించడం మనకు కొత్త కాదు.

2025 ఫైనల్

2025 మే 31న మ్యూనిక్‌లో పారిస్ సెయింట్ జర్మేన్ 5-0తో ఇంటర్‌ను ఓడించింది. ఫైనల్స్ చరిత్రలో ఇంత తేడాతో ఎవరూ గెలవలేదు. ఆ క్లబ్బు 2011 నుంచి ఖతార్ వాళ్ళది కాబట్టి మన దోహాలో ఆ రాత్రి హారన్ల మోతే మోత. మొదటి గోలు అష్రఫ్ హకీమీ కొట్టాడు. అతను మాడ్రిడ్‌లో మొరాకో తల్లిదండ్రులకు పుట్టినవాడు. తల్లి ఇళ్ళల్లో శుభ్రం చేసే పని, తండ్రి వీధిలో సరుకులు అమ్మే పని. ఆ మాట తెలిసిన మా కడప తమ్ముడు, చెల్లెలు కువైట్‌లో ఇంటి పనికి పోయినవాడు, గోలు పడగానే లేచి నిలబడ్డాడు.

ఆ రాత్రి హాల్లో రెండు వందలమందికి పైగా ఉన్నారు. ఉన్న రెండు తలుపుల్లో వెనకదానికి అడ్డంగా ఖాళీ నీళ్ళ డబ్బాలు, విరిగిన కుర్చీలు పేర్చి ఉన్నాయి. ఆట మొదలవ్వకముందు మేము ఐదుగురం కలిసి వాటిని బయటికి మోశాం. "ఏందన్నా, ఇప్పుడు మొదలుపెట్టినవ్ పని?" అని నవ్వారు కొందరు. పది నిమిషాలు పట్టింది. మర్నాడు జూన్ 1, మధ్యాహ్నపు ఎండలో బయటి పని ఆపే నిబంధన మొదలయ్యే రోజు, అంటే తెల్లవారుజామునే బస్సు. ఆట అవగానే అందరం రెండు తలుపుల్లోంచి తొందరగా బయటపడి పడుకున్నాం. ఏ ప్రమాదమూ జరగలేదు. చెప్పుకోవడానికి అందులో కథేమీ లేదు. అలా ఉండాలనే మోశాం.

వచ్చే ఫైనల్‌కు మీ క్యాంపులో కూడా టీవీ పెడతారు. ఏ జట్టు గెలవాలో మీ ఇష్టం. కుర్చీ పట్టుకునే ముందు మాత్రం వెనక తలుపు తెరుచుకుంటుందో లేదో ఒకసారి చూసి రండి.