గాయం చీము పట్టకపోవడం వెనుక

మనిషి చర్మం, నోరు, ఊపిరితిత్తుల లోపలి పొర, పేగులు పుట్టిన నాటి నుంచి బ్యాక్టీరియా మధ్యనే ఉన్నా ఎక్కువ కాలం ఆరోగ్యంగానే ఉండడానికి కారణమేమిటన్న ప్రశ్నకు రోగనిరోధక శాస్త్రం చాలాకాలం ప్రతిరక్షకాలను, అంటే ఒక్కో సూక్ష్మజీవిని విడివిడిగా గుర్తుపట్టి దానికి అంటుకునేలా తయారయ్యే ప్రోటీన్లను, సమాధానంగా చూపుతూ వచ్చింది. అయితే కొత్తగా ప్రవేశించిన సూక్ష్మజీవికి తగిన ప్రతిరక్షకాలు సిద్ధం కావడానికి రోజులు పడుతుంది. అనుకూల పరిస్థితుల్లో ఇ.కోలై వంటి బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది కనుక, అడ్డు లేకపోతే ఒక్క కణం 8 గంటల్లో కోటీ 60 లక్షలు దాటుతుంది. ప్రతిరక్షకాలు సిద్ధమయ్యేలోగా శరీరాన్ని కాచే ఏర్పాట్లలో ముఖ్యమైనవి సూక్ష్మజీవినాశక పెప్టైడ్లు. ఇవి ఎక్కువగా 50కి లోపు అమైనో ఆమ్లాలు గొలుసుకట్టుగా కలిసి ఏర్పడిన చిన్న అణువులు. వీటి చరిత్రలోని మలుపుల్లో చాలావరకు, జబ్బు ఎందుకు వచ్చిందని కాక, రావలసిన చోట ఎందుకు రాలేదని అడిగిన వారి వల్లనే సాధ్యమయ్యాయి.

మరుగున పడిన ఆరంభం

లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో పనిచేస్తున్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్, జలుబు చేసినప్పుడు తీసిన ముక్కు చీమిడి ఒక రకం బ్యాక్టీరియాను కరిగించివేయడం 1921 చివర్లో గమనించి, అదే గుణం కన్నీటిలోనూ లాలాజలంలోనూ కోడిగుడ్డు తెల్లసొనలోనూ ఉందని తేల్చి, దానికి కారణమైన పదార్థానికి లైసోజైమ్ అని పేరు పెట్టి 1922లో ప్రకటించాడు. లైసోజైమ్ పెప్టైడ్ కాదు, బ్యాక్టీరియా గోడను తెంచే ఎంజైమ్. అయినా శరీర ద్రవాల్లోనే సూక్ష్మజీవులను చంపే పదార్థాలు ఉంటాయని అది రుజువు చేసింది. ప్రమాదకరమైన బ్యాక్టీరియాలో చాలావాటిపై అది అంతగా పనిచేయకపోవడం, 1928లో ఫ్లెమింగే గుర్తించిన పెనిసిలిన్ రెండో ప్రపంచయుద్ధ కాలంలో మందుగా అందుబాటులోకి రావడం కలిసి, శరీరం సొంతంగా తయారుచేసుకునే మందుల వైపు చూపు మరలకుండా చేశాయి.

1960లలో అమెరికాలోని నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో జేయా, స్పిట్జ్‌నాగెల్ తెల్లరక్తకణాల్లోని సూక్ష్మమైన కణికల నుంచి బ్యాక్టీరియాను చంపే ధనావేశిత ప్రోటీన్లను వేరుచేసినా, ఆ పరిశోధన చిన్న వర్గానికే పరిమితమైంది. 1979లో హైదరాబాద్‌కు చెందిన ఇ.ఎస్.పి. రెడ్డి, పి.ఎం. భార్గవ ఎద్దు వీర్యద్రవంలో ఇ.కోలై పెరుగుదలను ఆపే ఒక ప్రోటీన్‌ను గుర్తించి, సెమినల్‌ప్లాస్మిన్ అనే పేరుతో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. కేవలం 47 అమైనో ఆమ్లాలున్న ఆ అణువు బ్యాక్టీరియాలో ఆర్‌ఎన్‌ఏ తయారీని అడ్డుకుంటుందని వారు వివరించారు. భార్గవ స్థాపించిన సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రంలో (సీసీఎంబీ) ఎన్. సీతారామ్, ఆర్. నాగరాజ్ తర్వాత అందులోని 13 అమైనో ఆమ్లాల ముక్కను కృత్రిమంగా తయారుచేసి పరీక్షించగా, అది బ్యాక్టీరియాను చంపడమే కాక ఎర్రరక్తకణాలను కూడా పగలగొడుతుందని 1990లో వెల్లడైంది. శత్రువును చంపే గుణాన్ని సొంత కణాలకు హాని చేసే గుణం నుంచి ఎలా విడదీయాలన్న ప్రశ్న అప్పటి నుంచి ఈ రంగాన్ని వదల్లేదు.

పురుగు, కుందేలు, కప్ప

కీటకాలకు ప్రతిరక్షకాలు లేవు. అయినా కుళ్లిన పదార్థాల మధ్య బతికేవాటిలో సైతం ఇన్‌ఫెక్షన్‌తో చచ్చేవి తక్కువే. ఈ వైరుధ్యాన్ని పట్టుకున్న స్వీడన్ శాస్త్రవేత్త హాన్స్ బొమాన్, సెక్రోపియా అనే పెద్ద అమెరికన్ పట్టుచిలుక ప్యూపాలను, అంటే గూటిలో కదలకుండా ఉండే దశలోని పురుగులను, ఎంచుకున్నాడు. శీతకాల నిద్రలో ఉన్న ప్యూపా కొత్త ప్రోటీన్లను దాదాపుగా తయారుచేయదు కనుక, బ్యాక్టీరియాను సూదితో ఎక్కించిన తర్వాత దాని రక్తంలో కొత్తగా కనిపించేవన్నీ ఆ దాడికి స్పందనగా పుట్టినవేనని తేల్చుకోవడం సులువైంది. అలా లభించిన సెక్రోపిన్ల అమైనో ఆమ్లాల వరుసను 1981లో ఆయన బృందం ప్రకటించింది. ఇదే దారిలో ఫ్రాన్స్‌లో జూల్స్ హాఫ్‌మన్ బృందం, ఈగల్లో ఇటువంటి పెప్టైడ్ల తయారీకి ఆజ్ఞ ఇచ్చే టోల్ అనే జన్యువు పాత్రను 1996లో వెలుగులోకి తెచ్చింది. 2011 నోబెల్ బహుమతిలో ఆయనకు వాటా దక్కింది.

లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లెహ్రర్, మైకేల్ సెల్‌స్టెడ్, తోమస్ గాంజ్ మొదట కుందేలు కణాలతో మొదలుపెట్టి, 1985లో మనిషి న్యూట్రోఫిల్ కణాల నుంచి డిఫెన్సిన్లను వేరుచేశారు. ఇన్‌ఫెక్షన్ ఉన్న చోటికి మొదట చేరి సూక్ష్మజీవులను మింగే తెల్లరక్తకణాలే న్యూట్రోఫిల్స్. ఎముక మజ్జ వీటిని రోజుకు సుమారు 10,000 కోట్ల దాకా తయారుచేస్తుంది. మింగిన బ్యాక్టీరియా ఉన్న సంచిలోకి ఈ కణాలు కుమ్మరించే కణికల్లో ఒక రకంలోని ప్రోటీన్‌లో సుమారు మూడో వంతు నుంచి సగం దాకా డిఫెన్సిన్లే ఉంటాయి.

ఇక అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మైకేల్ జాస్లాఫ్, జన్యు పరిశోధన కోసం ఆఫ్రికన్ కప్పల కడుపు కోసి అండాశయాలు తీసి, కుట్లు వేసి, సూక్ష్మజీవులతో నిండిన మామూలు నీటితొట్టెలోకే వదిలేవాడు. ఆ గాయాలు చీము పట్టకుండా, వాపు కూడా లేకుండా మానిపోతుండడం అందరి కళ్ల ముందూ జరుగుతున్నదే అయినా, దానికి కారణం వెతికినవాడు ఆయన. కప్ప చర్మం నుంచి 23 అమైనో ఆమ్లాలున్న రెండు పెప్టైడ్లను రాబట్టి, మాగైనిన్ల పేరుతో 1987లో ప్రచురించాడు.

విద్యుదావేశపు తేడా

ఈ అణువులు పనిచేసే తీరుకు మూలం బ్యాక్టీరియాకూ మనిషి కణానికీ పైపొరల్లో ఉన్న తేడా. బ్యాక్టీరియా పైపొరలోని కొవ్వు అణువుల్లో చాలావాటికి ఋణావేశం ఉండగా, మనిషి కణత్వచపు బయటి ముఖం దాదాపు తటస్థంగా ఉండి, అందులోని కొలెస్టరాల్ దానికి గట్టిదనాన్ని ఇస్తుంది. ధనావేశం గల పెప్టైడ్ బ్యాక్టీరియా వైపు ఆకర్షితమై, పొరను తాకగానే చాలా సందర్భాల్లో మెలికల ఆకారం పొంది, నీటికి ఇష్టపడే ముఖాన్ని ఒకవైపు, కొవ్వులో కలిసే ముఖాన్ని మరోవైపు తిప్పుకొని పొరలోకి దిగుతుంది. అలాంటివి అనేకం చేరాక పొర చిల్లులు పడి కణం నిమిషాల్లో చనిపోతుంది. పైపొర నిర్మాణాన్నే మార్చుకోవడం కష్టం కనుక ప్రతిఘటన అంత తేలిక కాదు గానీ, స్టాఫిలోకాకస్ ఆరియస్ తన పైపొరలోని ఋణావేశాన్ని తగ్గించుకుని ఈ దెబ్బను కొంతవరకు తప్పించుకోగలదు.

మనిషిలో రుజువులు

సోరియాసిస్‌లో చర్మం పగిలి పొలుసులు రాలుతున్నా అక్కడ ఇన్‌ఫెక్షన్లు అరుదు కాగా, అటోపిక్ డెర్మటైటిస్ అనే ఎగ్జిమాలో చర్మం తరచూ స్టాఫ్ బ్యాక్టీరియా బారిన పడుతుంది. జర్మనీలోని కీల్ నగరంలో పరిశోధకులు సోరియాసిస్ పొలుసుల సారాన్ని ఇ.కోలై అంటించిన గొట్టం గుండా పంపి, బ్యాక్టీరియాను పట్టుకున్న అణువును వేరుచేసి, బీటా డిఫెన్సిన్-2గా 1997లో ప్రకటించారు. అటోపిక్ డెర్మటైటిస్ రోగుల చర్మంలో ఇదీ, ఎల్‌ఎల్-37 అనే మరో పెప్టైడూ తక్కువగా తయారవుతాయని 2002లో తేలింది.

అదే ఏడాది మరింత బలమైన సాక్ష్యం స్వీడన్ నుంచి వచ్చింది. 1956లో రోల్ఫ్ కోస్ట్‌మన్ వివరించిన వంశపారంపర్య వ్యాధిలో న్యూట్రోఫిల్స్ దాదాపు ఉండవు. వాటిని పెంచే ఇంజెక్షన్లు వచ్చాక ఈ పిల్లలు బతుకుతున్నా, చిగుళ్ల వ్యాధి మాత్రం వదలడం లేదు. బొమాన్ సభ్యుడిగా ఉన్న బృందం పరీక్షించగా, మందుతో పెరిగిన ఆ న్యూట్రోఫిల్స్‌లో ఎల్‌ఎల్-37 లేదని బయటపడింది. కణాల సంఖ్య సరిపోయినంత మాత్రాన రక్షణ సరిపోదని, కణికల్లోని సరుకు కూడా ముఖ్యమని దీనివల్ల అర్థమైంది.

సూక్ష్మజీవులు కూడా ఈ సంగతి ఎరిగినట్టే ప్రవర్తిస్తాయి. రక్త విరేచనాలకు కారణమయ్యే షిగెల్లా, సోకిన తొలి దశలోనే పేగు గోడ కణాల్లో ఎల్‌ఎల్-37 తయారీని అణచివేస్తుందని ఢాకాలోని అంతర్జాతీయ అతిసార వ్యాధుల పరిశోధన కేంద్రం, స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ కలిసి 2001లో చూపించాయి. పీచు పదార్థాన్ని పేగు బ్యాక్టీరియా పులియబెట్టినప్పుడు పుట్టే బ్యుటిరేట్‌ను కుందేళ్లకు ఇస్తే ఆ పెప్టైడ్ తయారీ తిరిగి పుంజుకుని వ్యాధి తీవ్రత తగ్గిందని 2006లో వెల్లడైంది. క్షయ బ్యాక్టీరియాను గుర్తించిన కణాలు విటమిన్ డి సాయంతోనే ఎల్‌ఎల్-37 కుటుంబపు పెప్టైడ్‌ను తయారుచేస్తాయన్న ఆవిష్కరణ కూడా ఆ ఏడాదిదే. అయితే విటమిన్ డి ఇస్తే క్షయ త్వరగా నయమవుతుందా అన్న దానిపై రోగుల్లో జరిపిన పరీక్షల ఫలితాలు ఒకే మాట చెప్పలేదు.

మందుగా మారని ఆయుధం

మాగైనిన్ ఆధారంగా తయారైన పెక్సిగనాన్ అనే లేపనాన్ని మధుమేహుల పాదాల పుండ్లకు వాడేందుకు అనుమతి కోరగా, అప్పటికే ఉన్న యాంటీబయాటిక్ కంటే మెరుగని నిరూపణ కాలేదన్న కారణంతో 1999లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తిరస్కరించింది. రక్తంలో ప్రవేశపెడితే ఎంజైమ్‌లు త్వరగా తుంచివేయడం, మోతాదు పెంచితే సొంత కణాలకు హాని కలగడం, తయారీ ఖర్చు ఎక్కువ కావడం ఇటువంటి మందులన్నిటికీ ఎదురైన అడ్డంకులే. శరీరం మాత్రం ఇదే పనిని వేరే పద్ధతిలో చేస్తుంది: అవసరమైన చోటనే, అవసరమైనప్పుడే, ఒక్కటిగా కాక అనేక రకాలను కలిపి, కణికల్లో బంధించి ఉంచుకుని విడుదల చేస్తుంది. అందువల్ల పెప్టైడ్‌ను సీసాలో నింపి ఇవ్వడంతో పాటు, శరీరంలో మూతపడిన తయారీని తిరిగి తెరిపించడం కూడా, ఢాకా బృందం బ్యుటిరేట్‌తో ప్రయత్నించినట్టు, ఇప్పుడు ఈ రంగంలో సాగుతున్న గట్టి ప్రయత్నాల్లో ఒకటిగా మారింది.