వాణ్ణి దూకించరా: ముసునూరు తోటలో క్రేటోస్, హనుమంతుడు, ఒక ప్రేరణ క్రియ

ముసునూరు పేరెత్తగానే పరిశోధకుల కలం ప్రోలయ నాయకుడి దగ్గరికో కాపయ నాయకుడి దగ్గరికో పోతుంది. విలస తామ్రశాసనం, ఓరుగల్లు విడుదల, ఒక వంశానికి ఇంటిపేరైన ఊరు. అంతటితో ముసునూరు పని అయిపోయిందనుకుంటారు. 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చిన ఈ మండలంలో ఇవాళ బతుకుతున్నవాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో, ఏం ఆడుకుంటున్నారో చెవిపెట్టి విన్న పండితులు అరుదు. ఆ లోటే ఈ వ్యాసానికి మూలం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఒక మామిడితోటలో ఒక సాయంత్రం చెవినబడ్డ క్రియాపదం మూలం.

మే నెల. బంగినపల్లి కోత ముగింపుకొచ్చింది, రసాలు పండుబారుతున్నాయి. కాపలా గుడిసె ముందు వరిగడ్డి పరిచి కాయలు పోశారు. పొద్దంతా కోతలో తిరిగిన నలుగురు కుర్రాళ్ళు ఒక్క ఫోను చుట్టూ మూగి కూర్చున్నారు. ఫోను పట్టుకున్నవాడి బొటనవేలి మీద సొన కాలిన మచ్చ, నల్లగా, బఠాణీ గింజంత. ఆ వేలు తెరమీద ఎటు జరిగితే అటు పరుగెత్తుతున్నాడు బోడిగుండు, తెల్లటి ఒళ్ళు, ఎర్రటి పచ్చబొట్టు ఉన్న ఒక మనిషి. పక్కన కూర్చున్న చిన్నవాడు ఆత్రం ఆపుకోలేక అరిచాడు: ‘వాణ్ణి దూకించరా! దూకించకపోతే పడతాడు!’

ఆ ఆట ‘గాడ్ ఆఫ్ వార్: చెయిన్స్ ఆఫ్ ఒలింపస్’. తెరమీద పరుగెత్తుతున్నవాడు దాని కథానాయకుడు క్రేటోస్, దేవుళ్ళనే చంపే యోధుడు. ఆ ఆటను 2008లో సోనీ చేతి యంత్రం పీఎస్‌పీ కోసం రెడీ ఎట్ డాన్ సంస్థ తయారుచేసింది. ఆ యంత్రం ముసునూరు వైపు ఎవరి చేతిలోనూ కనపడదు. 2012లో వచ్చిన పీపీఎస్ఎస్‌పీపీ అనే ఎమ్యులేటర్ పుణ్యమా అని మామూలు ఆండ్రాయిడ్ ఫోనే పీఎస్‌పీ అవతారమెత్తింది. ఆట ఒక ఫోనులోంచి ఇంకో ఫోనులోకి, ఒక తోటలోంచి ఇంకో తోటలోకి పోతుంది.

గంటన్నరసేపు వ్యాసకర్త చేసిన పని ఒక్కటే: క్రియల్ని రాసుకోవడం. దూకించు, ఎక్కించు, తప్పించు, కొట్టించు, గొలుసు విసిరించు, తలుపు తీయించు. అన్నీ ‘ఇంచు’ చేరిన ప్రేరణ రూపాలే. ‘దూకు’ అని ఫోను పట్టుకున్నవాడికి ఎవరూ చెప్పలేదు. దూకేది క్రేటోస్, దూకించేది కుర్రాడు. ప్రాణం పోయినప్పుడు మాత్రం ‘చచ్చాన్రా’ అన్న మాట రెండుమూడు సార్లు వినిపించింది. అది ఓటమి వేళ నోరుజారే మాట, దాని మీద సిద్ధాంతం కట్టలేం.

ఈ ‘ఇంచు’ను చిన్న వ్యాకరణ విశేషంగా తీసి పక్కన పెట్టేయకూడదు. వీడియో ఆటల గురించి ఇంగ్లీషులో సాగిన ఆలోచనలో చాలా భాగం ఆటగాడు పాత్రలో మునిగిపోతాడనే ఊహ మీద నిలబడింది. జానెట్ మరే 1997లో ‘హామ్లెట్ ఆన్ ది హోలోడెక్’ పుస్తకంలో ఆ మునకను నీళ్ళలో మునగడంతో పోల్చింది. ఆ మునకకు తెలుగులో సాటివచ్చే మాట ‘పూనకం’. పూనకంలో దేవుడు మనిషిని ఆడిస్తాడు. మనిషి ఒళ్ళు దేవుడిది, నోరు దేవుడిది. తోటలో కూర్చున్న నలుగురిలో పూనకం ఛాయలు మచ్చుకైనా లేవు. వాళ్ళు దేవుణ్ణి చంపేవాణ్ణి వేలితో ఆడిస్తున్నారు, మధ్యలో రసం పిండుకుని తాగుతున్నారు, ఎవడి వంతు ఎప్పుడని తగువులాడుతున్నారు.

ఇక్కడ ఒక పండితురాలితో తేల్చుకోవలసిన లెక్క ఉంది. 2009లో హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే యాక్షన్ అడ్వెంచర్ ఆటను ప్లేస్టేషన్ 2 కోసం తయారుచేసింది, సోనీ విడుదల చేసింది. పూర్తిగా మన దేశంలో తయారై ఇంటి కన్సోల్‌కు ఎక్కిన తొలి ఆటగా దానికి పేరు. తెలుగు గడ్డమీద పుట్టిన ఆ ఆట గురించి తెలుగులో జరగాల్సిన చర్చ అమెరికాలో జరిగింది. నెవాడాలో ఉండే రాజన్ జెద్ అనే హిందూ నాయకుడు దాన్ని వెనక్కి తీసుకోమన్నాడు. ఆయన వాదన సూటిగా ఉంది: భక్తుడు తన బతుకును దేవుడి చేతిలో పెడతాడు, ఈ ఆటలో దేవుడి గతి ఆటగాడి చేతిలోకి వస్తుంది, అది అపచారం.

ఈ వివాదం మీద జెనియా జైలర్ రాసిన అధ్యాయం 2014లో హైడీ క్యాంప్‌బెల్, గ్రెగరీ గ్రీవ్ సంపాదకత్వంలో ఇండియానా విశ్వవిద్యాలయ ప్రచురణగా వచ్చిన ‘ప్లేయింగ్ విత్ రిలిజియన్ ఇన్ డిజిటల్ గేమ్స్’ సంపుటంలో ఉంది. ఆమె శ్రద్ధను తప్పుపట్టనక్కర్లేదు. ఆ ఆటను పండిత చర్చలోకి తెచ్చినందుకు తెలుగువాళ్ళు ఆమెకు రుణపడే ఉన్నారు. చిక్కంతా ఆమె తూచిన తక్కెడలో ఉంది. ఒక పళ్ళెంలో ‘ప్రాతినిధ్యం’, రెండో పళ్ళెంలో ‘అనుకరణ’: దేవుణ్ణి బొమ్మగా, కథగా చూపడం ఒకటి, దేవుణ్ణి ఆటగాడి చేతికిచ్చి నడిపించడం ఇంకొకటి. గొడవంతా ఈ రెండో దాని మీదే అన్నది ఆమె విశ్లేషణ సారాంశం. కానీ అనుకరణ అన్న మాట వాడగానే ఆటగాడు హనుమంతుడిగా మారిపోతున్నాడనే అర్థం దొంగదారిన లోపలికి వచ్చేస్తుంది. ఆటగాడికీ దేవుడికీ నడుమ ఉన్న కర్రముక్క, ఆ కర్ర వాడే పనితనం ఆ తక్కెడలో ఏ పళ్ళెంలోనూ పడవు.

ఆ కర్రముక్కను తెలుగువాళ్ళు ఏనాటి నుంచో చేతబట్టుకునే ఉన్నారు. తోలుబొమ్మలాటలో హనుమంతుడి బొమ్మ మనిషెత్తుకు దగ్గరగా ఉంటుంది. మేకతోలును పలచన చేసి, రంగులద్ది, దీపం వెలుగు చుక్కలు చుక్కలుగా దిగేట్టు కన్నాలు పొడుస్తారు. బొమ్మ నడుమ నిలువునా ఒక దబ్బ, చేతులకు వేరే పుల్లలు. భుజం, మోచెయ్యి కీళ్ళు దారపు ముడులు. ఆటగాడు తెల్లటి తెర వెనక నిలబడి ఒక చేత్తో నడుమ దబ్బను, రెండో చేత్తో చేతిపుల్లల్ని పట్టుకుంటాడు. హనుమంతుడు ఎగరాలంటే బొమ్మను తెరకు అదిమి పైకి లాగుతూ కొంచెం వంపు తిప్పాలి. తెరకు దూరమైతే నీడ చెదురుతుంది. యుద్ధమొచ్చిందంటే కాలికింద చెక్కను దబదబా తొక్కుతాడు. ఆ అదురు ముందు వరసలో కూర్చున్న పిల్లల గుండెల్లోకి పోతుంది. ప్లేస్టేషన్ చేతిపెట్టె దెబ్బ తగిలినప్పుడల్లా అరచేతిలో అదిరేది సరిగ్గా ఇదే పనికోసం.

బొమ్మలాట మొదలయ్యేది వినాయక స్తుతితో. పాడే పాటల్లో రంగనాథ రామాయణం ద్విపదలు పుష్కలం. నడుమనడుమ హాస్యపాత్రలు జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి మొరటు సరసాలాడి పోతారు. ఇంత భక్తీ ఇంత మొరటుతనమూ ఒకే తెరమీద, ఒకే రాత్రి, ఒకే చేతుల మీదుగా జరుగుతాయి. హనుమంతుణ్ణి పుల్లతో ఎగిరించినందుకు ఆటగాణ్ణి అపచారి అని ఏ ఊరైనా వెళ్ళగొట్టినట్టు వినలేదు. వానలు పడాలని కోరి పిలిపించి మరీ ఆడించుకున్న ఊళ్ళున్నాయి. ఈ విద్యకు 2008లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. దేవుళ్ళను చేత్తో ఆడించిన పనికి దేశం ఇచ్చిన గౌరవం అది. జెద్ వాదనకు ఇంతకంటే గట్టి జవాబు వెతకనక్కర్లేదు.

కాబట్టి మూడో పళ్ళెం కావాలి. దాని పేరు ‘ఆడించడం’. తెలుగులో ‘ఆట’ అన్న మాటకు నాట్యమూ, నాటకమూ, పందెమూ అన్నీ సొంతమే. ఆ ఆటను ఇంకొకరి ఒంట్లో పుట్టించడం ఆడించడం. పూనకంలో దేవుడు మనిషిని ఆడిస్తాడు, బొమ్మలాటలో మనిషి దేవుణ్ణి ఆడిస్తాడు. ముసునూరు మండలంలోనే తమ్మిలేటి ఒడ్డున ఉన్న బలివెలో శివరాత్రి తిరునాళ్ళకు వెళ్ళినవాళ్ళకు ఈ రెండు దారులూ ఒకదానికొకటి అడ్డం రావని విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆశ్చర్యమేమంటే, గ్రీకులకూ ఈ లెక్క తెలుసు. ప్లేటో ‘లాస్’ మొదటి పుస్తకంలో మనుషుల్ని దేవతల చేతిలో బొమ్మలుగా ఊహించాడు. మనల్ని లాగే తాళ్ళలో ఒకటి బంగారుది, మిగతావి ఇనుపవి అన్నాడు. యురిపిడీస్ నాటకంలో హీరా పంపిన ఉన్మాదం హెరాక్లీస్‌ను ఆవహిస్తే అతను భార్యనూ పిల్లలనూ తన చేత్తోనే చంపుకుంటాడు. తెలుగు చెవికి అది తిరగబడ్డ పూనకం. 2005లో డేవిడ్ జాఫీ నాయకత్వంలో సోనీ శాంటా మోనికా స్టూడియో తెచ్చిన తొలి ‘గాడ్ ఆఫ్ వార్’ ఈ కథనే ఎత్తుకుని క్రేటోస్ నెత్తిన పెట్టింది. యుద్ధదేవుడు ఏరిస్ ఆడిస్తే ఆడి, క్రేటోస్ తన భార్యనూ కూతుర్నీ చంపుకుంటాడు. వాళ్ళ చితాభస్మమే ఒంటికి అంటుకుపోయి అతని చర్మం తెల్లబడుతుంది. చేతులకు మాంసంలోకి కాలి దిగిన గొలుసులు, వాటి చివర కత్తులు.

ఆ గొలుసుల్ని కొంచెం దగ్గరగా చూడాలి. అవి ఏరిస్ కట్టినవి, అంటే బొమ్మకు కట్టిన దారాలు. మొదటి ఆట చివర ఏరిస్‌ను చంపి క్రేటోస్ తానే యుద్ధదేవుడవుతాడు. 2007లో వచ్చిన రెండో ఆటలో విధి దారాలు వడికే అక్కచెల్లెళ్ళ మీదికి పోతాడు. 2010లో వచ్చిన మూడో ఆటలో పొసైడన్, హీలియోస్, హెర్మీస్, హీరా, చివరికి జ్యూస్ దాకా ఒక్కొక్కరినీ పడగొడతాడు. ఈస్కిలస్ నాటకంలో జ్యూస్ ఆజ్ఞకు ప్రొమీథియస్‌ను బండకు కట్టించే బంటు పేరు కూడా క్రేటోసే. ఆ బంటు పేరు పెట్టుకున్నవాడు యజమానినే కూల్చేశాడు. దారం పట్టుకున్నవాళ్ళ మీద బొమ్మ తిరగబడటమే ఈ ఆటల కథంతా.

అయితే తిరగబడిన ఆ బొమ్మను కూడా ఒక చెయ్యి ఆడిస్తూనే ఉంది. గ్రీకు కథను అమెరికాలో తయారుచేసినవాళ్ళు వదిలేసిన ఈ చివరి దారాన్ని ముసునూరు కుర్రాళ్ళు ‘దూకించరా’ అన్న ఒక్క మాటతో పట్టుకున్నారు. ఈ పట్టు వాళ్ళకు పగటిపూట కూడా అలవాటే. దోటి చివర చిక్కం కట్టి, పాతిక అడుగుల ఎత్తున ఆకుల్లో దాగిన కాయను కిందినుంచి చూస్తూ తొడిమతో సహా తెంపాలి. తొడిమ ఊడితే సొన కారుతుంది, కాయ మచ్చపడుతుంది. కొనమీద కన్నేసినవాడు ఒకడు, దోటి పట్టినవాడు ఇంకొకడు. ‘చిక్కం ఎడం పక్కకి తిప్పు, ఇంకొంచెం ఎక్కించు, ఇప్పుడు లాగు’ అని కింద నిలబడ్డవాడు చెప్పే మాటలూ రాత్రి ఫోను దగ్గర వినబడ్డ మాటలూ ఒకే అచ్చులో పోసినవి. ఎక్కడో దూరాన కదిలే వస్తువును మెళకువతో నడిపించే ఈ విద్య బొమ్మలాటవాడి దబ్బలోంచి, కోతవాడి దోటిలోంచి ఫోను తెరమీదికి వచ్చిందనడానికి సందేహించనక్కర్లేదు. వీడియో ఆటల సిద్ధాంతాన్ని మునకతో మొదలుపెట్టినవాళ్ళు దాన్ని ‘ఇంచు’తో మళ్ళీ మొదలుపెట్టాలి. ఒక్క తెలుగు ఆటగాడికే కాదు, ఎక్కడి ఆటగాడికైనా ఈ ప్రత్యయమే తాళంచెవి.

ఆ సాయంత్రం చీకటి పడ్డాక ఆట చివరికి వచ్చింది. చెయిన్స్ ఆఫ్ ఒలింపస్‌లో క్రేటోస్ చనిపోయిన తన కూతురు కాల్లయోపీని పుణ్యలోకం ఎలీజియంలో కలుస్తాడు. ఆ పిల్లతో ఉండిపోవడానికి తన బలాన్నీ ఆయుధాల్నీ వదులుకుంటాడు. అప్పుడు పాతాళ రాణి పెర్సెఫొనీ అసలు సంగతి బయటపెడుతుంది: ఆమె లోకాన్నంతటినీ కూల్చబోతోంది, దాంతోపాటు ఎలీజియమూ పోతుంది. లోకం నిలవాలంటే క్రేటోస్ మళ్ళీ రాక్షసుడు కావాలి. కూతురు నడుం చుట్టేసి పట్టుకుంటుంది. ఆ పిల్లను విదిలించుకోవాలంటే ఆటగాడు ఒకే బటన్‌ను టకటకా కొడుతూ ఉండాలి. కొట్టడం ఆపితే పిల్ల మళ్ళీ కరుచుకుంటుంది.

సొన మచ్చ ఉన్న బొటనవేలు బటన్ మీద ఆగింది. అప్పటిదాకా పెద్దపెద్ద భూతాల్ని నవ్వుతూ నరికించినవాడు ఏమీ అనలేదు. ఫోనును పక్కవాడి ఒళ్ళో పెట్టాడు.

‘నువ్వు నెట్టించు.’

చిన్నవాడు తల దించుకుని నెట్టించాడు. కాల్లయోపీ దూరమైంది, క్రేటోస్ కళ్ళు మారాయి, చేతులకు గొలుసులు తిరిగొచ్చాయి. గుడిసె చూరుకు కట్టిన బల్బు చుట్టూ పురుగులు ముసురుతున్నాయి. పెద్దవాడు అరచెయ్యి లుంగీకి తుడుచుకుని ముందుకు చాచాడు. ‘ఇంక ఇటివ్వు. వాణ్ణి నేనాడిస్తా.’