భిలాయి బడులకు వచ్చిన పంతుళ్లు

దుబాయి మొదలు సింగపూరు వరకు గల అంతర్జాతీయ పాఠశాలలలో నేడు మన తెలుగు యువతీయువకులు ఉపాధ్యాయులై చేరుచున్నారు. వారికి పూర్వము, 1960, 70 దశకములయందు, భారతీయోపాధ్యాయు లనేకులు ఇథియోపియాకును, నైజీరియాకును, జాంబియాకును పోయి అచ్చటి పిల్లలకు గణితమును, విజ్ఞానశాస్త్రమును నేర్పిరి. పరాయిచోట బడి చెప్పుకొని బ్రదికినవారి చరిత్రను వ్రాయబూనువారు సాధారణముగా ఈ రెండు తరములను గూర్చియే ముచ్చటింతురు. కాని సముద్రము దాటకుండనే, పాస్‌పోర్టుపై ముద్ర పడకుండనే, అన్యదేశమునకు పోయినంత మార్పును అనుభవించిన ఉపాధ్యాయులు మన పొరుగుననే, భిలాయి ఉక్కునగరమునందు, ఉండిరి. వారిని మరచుట న్యాయము కాదు.

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత సోవియట్ ప్రభుత్వములు ఢిల్లీలో ఒడంబడిక వ్రాసికొనునాటికి భిలాయి యనునది నాటి మధ్యప్రదేశపు, నేటి ఛత్తీస్‌గఢపు దుర్గు జిల్లాలో, హౌరా-నాగపూరు రైలుమార్గముపై, వరిపొలముల నడుమ నొదిగియున్న చిన్న స్టేషను. నూటికి రెండున్నర వడ్డీతో 12 వార్షిక వాయిదాలలో తీర్చునట్లు సోవియట్ దేశ మిచ్చిన ఋణముతో, ఏటికి 10 లక్షల టన్నుల ఉక్కు తీయు కర్మాగార మచ్చట లేచినది. దల్లీ-రాజహరా కొండల ఇనుపరాయియు, నందినీ సున్నపురాయియు, తాందులా జలాశయపు నీరును చేరువనే లభించుట ఆ తావునకు కలిసివచ్చినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి.

కొలిమి సిద్ధమైనది గాని కొలువునకు మనుష్యులు కావలసియుండిరి. పొలములు పోగొట్టుకొన్న పల్లెల రైతులు మొదట కర్మాగారమున చేరుటకు సంకోచించిరి. కట్టడములు నిలుచుటకై నరబలు లిచ్చుచున్నారను వదంతి ఆ ప్రాంతమున వ్యాపించినదని, భిలాయిని దీర్ఘకాలము పరిశీలించిన బ్రిటిష్ మానవశాస్త్రజ్ఞుడు జోనాథన్ పారీ వ్రాసియున్నాడు. తాతల నాటి నేల కన్నులయెదుటనే కాంక్రీటు క్రింద పడిపోవుచుండగా వారి కట్టి భయము కలుగుటలో వింత లేదు. అందుచే పంజాబు, బెంగాలు, బీహారు, కేరళము, ఆంధ్రము మున్నగు ప్రాంతములనుండి జనము వచ్చి చేరిరి. మనవారికి దారి చూపినది రైలు. రాయపూరు-విజయనగరము మార్గము 1931 నాటికే పూర్తియై యుండుటచే, బొబ్బిలి, పార్వతీపురము, శ్రీకాకుళము ప్రాంతముల కూలిజనమునకు భిలాయి అందుబాటులో నుండెను. మన్ను మోయుటకు వచ్చినవారు క్యాంపులలోను, ఖుర్సీపారులోను గుడిసెలు వేసికొనిరి. ఖుర్సీపారు వీధులలో నేటికిని తెలుగు వినబడును.

ఉక్కు వెంటనే బడియు వచ్చినది. సెక్టార్లుగా విభజించి కట్టిన ఆ నగరమునందు క్వార్టర్లతోపాటు పాఠశాల, బజారు, ఆరోగ్యకేంద్రము ఏ సెక్టారున కా సెక్టారున ఏర్పరచుట నిర్మాతల సంకల్పము. పాఠశాలలను నడిపినది కర్మాగారమే. సెక్టారు 2 లోని భిలాయి విద్యాలయము, సెక్టారు 10 లోని ఉన్నత పాఠశాల వీనిలో ప్రసిద్ధములు. ఆ తరగతిగదిని పాఠకు లొక్కమారు మనస్సునం దూహింపవలెను. ముందు బల్లపై పంజాబీ బాలుడు, వాని ప్రక్కన బెంగాలీవాడు, వెనుక మలయాళీ బాలిక, ఆమెకు తోడుగా మన తెలుగుపిల్ల. ఇంట నొక భాష, వీధిలో మరియొక భాష, బడిలో హిందీయో ఇంగ్లీషో. వీరందరి యెదుట సుద్దముక్క పట్టుకొని నిలిచిన పంతులును నిన్నమొన్న రైలు దిగినవాడే. నేటి అంతర్జాతీయ పాఠశాలలు తమ ప్రకటనలలో విశేషముగా చాటుకొను నానాభాషాసమ్మేళనము ఆ బడులలో దినచర్య. ఆ తరపు తెలుగు పంతుళ్లు హిందీని చాలవరకు దక్షిణభారత హిందీ ప్రచారసభ పరీక్షలకు చదివి నేర్చినవారు. అట్టి గ్రంథస్థమైన హిందీ పాఠము చెప్పుటకు చాలును గాని, ఛత్తీస్‌గఢీ తప్ప వేరొకటి పలుకని కూరగాయల అవ్వతో సుపేలా బజారులో బేరమాడుటకు చాలదు. అచ్చట పంతులు మరల విద్యార్థి కావలసినదే.

ఐనను ఆ నేల తెలుగువాని పట్ల దయగలది. ఛత్తీస్‌గఢము వరిసీమ. రాత్రి అన్నమున నీరు పోసి యుంచి, ఉదయమున ఉల్లిపాయతోను, పచ్చిమిరపకాయతోను ఆ సీమ రైతు భుజించు బాసి మన చద్దియన్నమే. తంబురా చేతబట్టి, భీమార్జునుల పౌరుషమును ఒంటరిగా నిలుచుండి పాడియాడు పండవానీ గానము బుర్రకథ విని పెరిగినవానికి వ్యాఖ్యాన మక్కరలేకయే బోధపడును. ఆ కళను లోకమునకు చాటిన తీజన్‌బాయి భిలాయి చేరువనున్న గనియారీ గ్రామమున జన్మించి, ఉక్కు కర్మాగారమునందే ఉద్యోగము చేసి, 2019లో పద్మవిభూషణమును పొందెను. సెక్టారు 5 లోని బాలాజీ మందిరమును, దాని నిర్వహించు ఆంధ్ర సాహిత్య సమితియు తెలుగువారికి తమదైన కూడలి నేర్పరచినవి. ఇవి యన్నియు మేలే. కాని నా తలంపున, మందిరమునకు మాత్రమే పోయి మరలి వచ్చినవా డా యూర నెంతకాల మున్నను అతిథియే. పొరుగు పల్లెలో పండవానీ వినుటకు కూర్చున్నవా డా యూరివాడు.

ఆ నగరమున నిజముగా పరదేశీయులును ఉండిరి. సోవియట్ నిపుణులు భార్యాబిడ్డలతో వచ్చి కాపురముండిరి. నిర్మాణమునకు ముఖ్య ఇంజనీరుగా వచ్చిన వేనియమిన్ దిమ్షిత్స్ తరువాత తన దేశమునకు ఉపప్రధాని యైనాడు. వారికి దుబాసీలుండిరి, ప్రత్యేకమైన వసతులుండెను, తిరిగిపోవుట కొక గడువుండెను. వారి నివాసముల జ్ఞాపకము రష్యన్ కాంప్లెక్సను పేరున నిలిచినది. మైత్రికి చిహ్నముగా 1972లో మైత్రీబాగ్ ఉద్యానము వెలసినది. బడిపంతులునకో, దుబాసీయు లేడు, గడువును లేదు. రష్యను కుటుంబమునకంటె శ్రీకాకుళపు పంతులునకే భిలాయిలో కుదురుకొనుట కఠినతరమైనదని నేను నిస్సంకోచముగా చెప్పగలను. మరలిపోవు తేదీ యెరిగినవాడు వేడినైనను, ఒంటరితనమునైనను ఓర్చుకొనును, ఎరుగనివాడు వానితో సంసారము చేయవలెను.

కర్మాగారము 1967లో 25 లక్షల టన్నులకు, 1980 దశకము చివర 40 లక్షల టన్నులకు పెరిగినది. ఆ బడులలో చదివిన తెలుగుపిల్లలు ఇంజనీర్లై, వైద్యులై దేశదేశముల స్థిరపడిరి. వారిలో తెలుగు చక్కగా మాటలాడువారు కలరు. చదువ వ్రాయ నేర్చినవా రంతకంటె తక్కువ. ఇది మన తప్పిదమే. నాలుగు ప్రాంతముల పిల్లలకు హిందీ, ఇంగ్లీషు నేర్పిన పంతులు తన బిడ్డకు అక్షరమాల దిద్దించుటకు ఇంట నొక గంటను కేటాయింపవలసియుండెను.

1980 దశకమున 60 వేలకు మించిన కర్మాగారపు సిబ్బంది పిమ్మట సగముకంటె తక్కువైనది. క్వార్టర్లలో పిల్లలు తగ్గిరి. కర్మాగారము నడుపు పాఠశాలలు పెక్కు మూతపడినవి. మూసిన బడిలోని ప్రవేశపుస్తకము చెదల పాలగుట కెంతకాలమో పట్టదు. ఏ జిల్లాబిడ్డ, ఏ మాతృభాషవాడు, ఏ యేట చేరెనో తెలుపు ఆ పుస్తకములకంటె ఆ నగరచరిత్రకు మిన్నయైన ఆధారము మరి లేదు. భిలాయి పూర్వవిద్యార్థులును, అచ్చటి తెలుగు సంఘముల పెద్దలును కర్మాగారాధికారులను కోరి వానిని భద్రపరుపవలెననియు, ఆ తొలితరపు పంతుళ్లలో జీవించియున్నవారి మాటలను ఆలస్యము లేకుండ వ్రాసి యుంచవలెననియు ప్రార్థించుచున్నాను.