కల్పిత రాజధాని – నిజమైన నగరము



కథ విన్నవానికి ఆ కథ జరిగిన తావును కన్నులార చూడవలెనను కోరిక పుట్టుట సహజము. భద్రాచలమునకు పోయినవారు పర్ణశాలను చూడక మరలరు. అచ్చటి బండపై సీతమ్మవారి చీర గుర్తులను చూచి చేతులు జోడింతురు. అది భక్తి. అయితే, కేవలము కల్పితమని చెప్పినవాడును విన్నవాడును ఎరిగిన కథ కొరకు సయితము జనులు నేడు సముద్రములు దాటి యాత్రలు చేయుచున్నారు. అట్టి యాత్రాస్థల మొకదానిని గూర్చి మీకు మనవి చేయదలచితిని.

అమెరికా దేశీయుడగు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ అను రచయిత 1996వ సంవత్సరమున ఒక అద్భుత కథావళి యొక్క మొదటి సంపుటమును ప్రకటించెను. అందు నిప్పులు గ్రక్కు రెక్కల సర్పములు, మంత్రగత్తెలు, ఒక్క సింహాసనమునకై పరస్పరము చంపుకొను రాజవంశములు కలవు. ఆ కథను ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అను పేర 2011 మొదలు 2019 వరకు టెలివిజనులో ప్రదర్శించిరి. అందలి రాజధాని పేరు కింగ్స్ లాండింగ్. అట్టి పట్టణము భూమిపై నెచ్చటను లేదు. కాని చిత్రము తీయుటకు గోడలును బురుజులును కావలెను గదా! అందుచే రెండవ భాగము మొదలు, క్రొయేషియా దేశమున ఏడ్రియాటిక్ సముద్రపు టొడ్డున నున్న డుబ్రోవ్నిక్ నగరమును ఆ రాజధానిగా చూపిరి.

రెండేండ్ల క్రిందట నా కుమార్తె కుటుంబముతో నేనా నగరమునకు పోవుట తటస్థించెను. పదునాలుగేండ్ల నా మనుమడు నా చేయి పట్టుకొని యొక గొప్ప సోపానపంక్తి కడకు తీసికొనిపోయి, “తాతయ్యా, రాణిని అవమానించి నడిపించిన మెట్లు ఇవే!” యని సంతోషముతో కేక వేసెను. చుట్టును నూరుమంది అదే మాట చెప్పుకొనుచు ఫోటోలు తీసికొనుచుండిరి. “ఈ మెట్లు కట్టించిన దెవరురా?” యని యడిగితిని. వాడు తెల్లబోయెను. ఆ మెట్లు 1738లో, సెయింట్ ఇగ్నేషియస్ దేవాలయమునకు పోవుటకై నిర్మింపబడినవి. ఆనాటినుండి మా ఇద్దరికిని ఒక ఒప్పందము కుదిరెను. వాడు కథ చెప్పవలెను. నేను చరిత్ర చెప్పవలెను.

ఈ నగరమునకు పూర్వనామము రగూసా. 1205 మొదలు 1358 వరకు ఇది వెనిసు ప్రభుత్వమునకు లోబడి యుండెను. 1358లో ఆ యధికారము తొలగగా, అటుపిమ్మట హంగరీ రాజునకును, తరువాత తురుష్క సుల్తానునకును కప్పము కట్టుచు, లోపలి పరిపాలనమును మాత్రము తన చేతిలోనే యుంచుకొని, 1808 వరకు, అనగా 450 సంవత్సరములు, తన్ను తాను పాలించుకొనెను. ఓడలు, వ్యాపారము, రాయబారము – ఇవియే దాని బలము.

ఆ నగరమున రాజు లేడు. రెక్టరను పేర నొక ప్రధానుడుండెడివాడు. అతని పదవీకాల మెంత యనుకొందురు? ఒక్క నెల! ఆ నెలదినములును అతడు అధికార భవనమునందే నివసింపవలెను. రాచకార్యమునకు తప్ప వెలుపలికి రాగూడదు. సభామందిరపు ద్వారము పైన లాటిను భాషలో ఒక శాసనము కలదు. స్వకార్యములను మరచి ప్రజాకార్యములను చూడుడని దాని భావము. ఆ పదవి ప్రభువంశములవారికే గాని సామాన్యులకు దక్కెడిది కాదన్న మాటయు నిజమే. అయినను ఏ యొక్క వంశమును తల యెత్తకుండ వారు చేసికొన్న కట్టుబాటు మెచ్చదగినది.

కథలో రాజప్రాసాదముగా చూపబడినది లోవ్రియెనాత్స్ అను కోట. అది నగరపు గోడకు వెలుపల, సముద్రముపైకి వ్రాలిన 37 మీటర్ల కొండపై నున్నది. దాని వెలుపలి గోడ 12 మీటర్ల మందము. నగరము వైపు గోడ 60 సెంటీమీటర్లు మాత్రమే. కోటలోని సేనాని యెన్నడైన తిరుగబడి తానే రాజు కాదలచినచో, నగరములోని ఫిరంగులు ఆ గోడను సులభముగా కూల్చుటకై యట్లు కట్టిరని చెప్పుదురు. సింహాసనము కొరకు నెత్తురు పారిన కథకు, సింహాసనమే వలదన్న నగరము రంగస్థల మగుట ఎంత విచిత్రము!

ఈ నగరము చేసిన మంచిపనులు మఱికొన్ని కలవు. మహామారి వ్యాపించిన దేశములనుండి వచ్చువారు ముప్పది దినములు వేరుగా నుండి, పిమ్మటనే నగరమున ప్రవేశింపవలెనని 1377లో శాసించిరి. మొన్నటి కరోనా కాలమున మనము పాటించిన నియమమునకు ఇది మూలములలో నొకటి. 1416లో తమ పౌరులు బానిసల వ్యాపారము చేయరాదని కట్టడి చేసిరి. సుమారు 12 కిలోమీటర్ల దూరమునుండి కాలువ త్రవ్వించి, 1438 నాటికి ఊరి నడుమకు మంచినీరు తెచ్చిరి. 1667లో భూకంపము వచ్చి వేలకొలది జనులు మరణించిరి, రెక్టరును మడిసెను. మిగిలినవారు మరల కట్టుకొనిరి. తుదకు 1806లో నెపోలియను సేనలు ప్రవేశించెను; 1808లో ఆ ప్రభుత్వము రద్దయ్యెను.

గోడపై నడచుచుండగా కొన్ని యిండ్ల పెంకులు పాతబడి వెలిసియు, పెక్కిండ్లవి క్రొత్తవై యెఱ్ఱగాను కనబడినవి. 1991 అక్టోబరున యుగోస్లావియా సైన్యము ఈ నగరమును ముట్టడించెను. డిసెంబరు 6వ తేదీ ఫిరంగుల దెబ్బ అన్నిటికంటె ఘోరము. పాత నగరమునందలి 824 కట్టడములలో 563 దెబ్బ తిన్నవి. ఆ యెఱ్ఱపెంకులు నాటి గాయముల మచ్చలు. మా వెంట నడచినవారిలో పెక్కుమంది వాటి యందమును మాత్రమే చూచిరి.

నేడు అచ్చట మరియొక ముట్టడి సాగుచున్నది. యాత్రికుల రద్దీవలనను, ఇండ్లు విడుదులుగా మారుటవలనను గోడలోపలి కాపురస్థులు మిక్కిలి తగ్గిపోయిరి. 2019లో పెద్ద యాత్రానౌకలు ఒక్కమారు రెండింటికంటె ఎక్కువ రాగూడదని నగరపాలకులు నియమించిరి. యాత్రికుడు ధనము తెచ్చును. ఆ ధనముతో గోడలు నిలుచును. కాని గోడలలో దీపము పెట్టువాడు లేనిచో అది ఊరు కాదు, రంగస్థలమే.

తిరుగు దినమున మనుమడు రెక్టరు భవనము ముందు నిలిచి, “నెలకే దిగిపోయేవాడి కథ ఎవరు చూస్తారు తాతయ్యా?” యని యడిగెను. “ఎవరును చూడరు నాయనా. అయినను ఆ నీడలో జనులు 450 ఏండ్లు బ్రదికిరి” అంటిని. వాడు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట తానే ఆ శాసనమును ఫోటో తీసికొనెను.

కథ వానిని అచ్చటికి తీసికొనిపోయెను. ఆ ఋణము నేను మరువను. మహాశయులారా! మీ పిల్లలు కథ చూచి యే యూరికైన పోవుదు మన్నచో పోనిండు. తిరిగివచ్చిన పిమ్మట మాత్రము, “ఆ గోడ కట్టిన దెవరు?” అని యొక్కమారు అడుగుడు.