హాష్ నుండి డెకరేటర్ వరకు: రూబీ భాషలో ఒక చిన్న పరికరం చరిత్ర

శామీర్‌పేట దగ్గరి అలియాబాద్‌లో ఒక రైతు పహాణీని ఊహించుకుందాం. అందులో సర్వే నంబరు, పట్టాదారు పేరు, విస్తీర్ణం వంటి గడులు ఉంటాయి. ప్రతి గడి పేరుకూ ఒక విలువ ఉంటుంది. ఇలా పేరునూ విలువనూ జంటగా దాచే అమరికను రూబీ భాషలో ‘హాష్’ అంటారు.

ఈ ఆలోచన రూబీ కంటే చాలా పాతది. ఐ.బి.ఎం. సంస్థకు చెందిన హాన్స్ పీటర్ లూన్ 1953లో ఒక అంతర్గత పత్రంలో దీనిని ప్రతిపాదించాడు. జాబితా మొత్తం వెతకనవసరం లేకుండా, పేరుపై ఒక లెక్క కట్టి విలువ ఉన్న చోటును కనుక్కోవడమే దీని కీలకం.

రెండవ పాయ ‘డెకరేటర్’. ఎరిక్ గామా, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ వ్లిసైడ్స్ 1994లో వెలువరించిన ‘డిజైన్ ప్యాటర్న్స్’ గ్రంథంలో 23 పద్ధతులను వివరించారు. వాటిలో డెకరేటర్ ఒకటి. మూల వస్తువును మార్చకుండా, దాని చుట్టూ మరో వస్తువును తొడిగి కొత్త పనులు చేర్చడం దీని లక్షణం.

ఈ రెండు పాయలు కలవడానికి రూబీ అనువైన నేల అయింది. యుకిహిరో మత్సుమొటో 1995లో విడుదల చేసిన ఈ భాషలో, స్మాల్‌టాక్‌లో వలెనే, క్లాస్ కూడా ఒక వస్తువే. కాబట్టి ప్రోగ్రామ్ నడుస్తుండగానే కొత్త క్లాస్‌ను తయారు చేయవచ్చు. తనకు తెలియని పిలుపును లోపలి వస్తువుకు అందించే ‘సింపుల్‌డెలిగేటర్’ కూడా రూబీ ప్రామాణిక లైబ్రరీలోనే ఉంది. అందువల్ల కొత్త మెథడ్ల పేర్లనూ, వాటి లెక్కలనూ ఒక హాష్‌లో రాసిస్తే, ఒక చిన్న లైబ్రరీ వాటిని చదివి డెకరేటర్ క్లాస్‌ను నిర్మించగలదు. ఒక్కో క్లాస్‌ను చేత్తో రాసే శ్రమ తగ్గుతుంది.

ఉదాహరణకు, మూలంలో విస్తీర్ణం 95 గుంటలు అని ఉందనుకోండి. ఎకరాకు 40 గుంటలు కాబట్టి డెకరేటర్ దానిని ‘2 ఎకరాల 15 గుంటలు’ అని చూపుతుంది. మూలంలోని 95 మాత్రం చెక్కుచెదరదు.

ఇక్కడే దీని పరిమితి కూడా ఉంది. భూరికార్డుల ధరణి పోర్టల్‌ను 2020 అక్టోబర్ 29న ఇదే మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని మూడుచింతలపల్లిలో ప్రారంభించారు. అది ఏ భాషలో రాసినదన్నది ఇక్కడ ప్రధానం కాదు. ఏ వ్యవస్థలోనైనా మూలంలో పట్టాదారు పేరు తప్పు పడితే, తెరపై ఆ తప్పే చక్కగా కనిపిస్తుంది. డెకరేటర్ రూపాన్ని మార్చగలదే గాని సత్యాన్ని సరిదిద్దలేదు. ఆ బాధ్యత నమోదు చేసేవారిదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: మూల సమాచారాన్ని మార్చకుండా దాని రూపాన్ని మార్చడం వల్ల కలిగే ఒక మేలునూ, ఒక పరిమితినీ మీ ఊరి ఉదాహరణతో రాయండి.