ఆస్పిరిన్ వెనుక రెండో పేరు

ఏటా ఆగస్టు 10న మందుల చరిత్ర రాసేవాళ్లు ఫెలిక్స్ హాఫ్‌మన్‌ను తలుచుకుంటారు. 1897లో ఆ రోజున జర్మనీలోని ఎల్బర్‌ఫెల్డ్‌లో, బాయర్ ప్రయోగశాలలో ఆయన ఆస్పిరిన్‌ను శుద్ధంగా తయారుచేశాడు. కీళ్లవాతంతో బాధపడే తండ్రి కోసమే చేశాడని కథ. ఆ రోజు తలుచుకోవలసినవాడు మరొకడున్నాడు.

ఆస్పిరిన్ మూలాలు విల్లో చెట్టులో ఉన్నాయి. నొప్పులకు ఆ చెట్టును వాడటం ప్రాచీన కాలం నుంచీ ఉంది. 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అనే ఇంగ్లండు మతగురువు జ్వరాలకు దాని బెరడు పొడి పనిచేసిందని రాయల్ సొసైటీకి రాశాడు. 1874లో స్కాట్లాండ్ వైద్యుడు థామస్ మాక్‌లగన్ బెరడులోని సాలిసిన్‌ను ముందు తాను మింగి చూసి, ఆపైన కీళ్లవాత జ్వరం రోగులకిచ్చాడు. గుణం కనిపించింది. కానీ ఆ జాతి మందులు కడుపులో మంట పెట్టేవి.

ఇక ఆ మరొకడు, బాయర్‌లోనే పనిచేసిన ఆర్థర్ ఐకెన్‌గ్రూన్ సంగతి. హాఫ్‌మన్ తన సూచన ప్రకారమే ఆస్పిరిన్ తయారుచేశాడని ఆయన రాశాడు. మందులను పరీక్షించే హైన్‌రిష్ డ్రెజర్, ఇది గుండెను బలహీనపరుస్తుందని పక్కన పెట్టేశాడు. ఐకెన్‌గ్రూన్ తానే మింగి చూసి, బెర్లిన్ వైద్యులకు గుట్టుగా పంపించాడు. మంచి కబుర్లు వచ్చాయి. 1899లో ఆస్పిరిన్ బజారులోకొచ్చింది.

నాజీల కాలంలో మ్యూనిక్ మ్యూజియంలో తెల్లటి ఆస్పిరిన్ స్ఫటికాల కింద డ్రెజర్, హాఫ్‌మన్‌ల పేర్లే ఉన్నాయి. గుమ్మం దగ్గర యూదులకు ప్రవేశం నిషేధమన్న బోర్డు. ఐకెన్‌గ్రూన్ యూదుడు. 1944లో, డెబ్బై ఆరేళ్లు దాటిన వయసులో, తెరేజియన్‌స్టాట్ నిర్బంధ శిబిరం నుంచి తన వాటా గురించి ఉత్తరం రాశాడు. బతికి బయటపడి, 1949 డిసెంబరులో తన వాదన అచ్చయిన నెలలోనే కన్నుమూశాడు. 2000లో మందుల చరిత్ర రాసే వాల్టర్ స్నీడర్ పాత రికార్డులు తిరగేసి ఆయన మాటే నిజమన్నాడు. బాయర్ ఒప్పుకోలేదు. నా నమ్మకం మాత్రం ఐకెన్‌గ్రూన్ వైపే.

ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో 1971లో శాస్త్రవేత్త జాన్ వేన్ తేల్చాడు. 1982లో నోబెల్ అందుకున్నవారిలో ఆయనా ఉన్నాడు. నొప్పి, వాపు పుట్టించే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆస్పిరిన్ ఆపుతుంది. కడుపు పొరకు కాపుగా ఉండేవీ వాటిలోవే. రక్తం గడ్డకట్టకుండా చూసే గుణమూ ఉంది కనుక చిన్న మోతాదులో గుండె రోగులకు రాస్తారు. ఆ గుణం వల్లే డెంగీ అనుమానముంటే దీన్ని ముట్టకూడదు. పిల్లల జ్వరాలకూ వాడకూడదు.

గుండెకని రాసిన చిన్న బిళ్లను మోకాళ్ల నొప్పికని ఇంట్లో పెద్దవాళ్లకు మీరే పెంచి ఇవ్వకండి, డాక్టరును అడగండి. వచ్చే ఆగస్టు 10న హాఫ్‌మన్‌తో పాటు ఐకెన్‌గ్రూన్ పేరు కూడా తలుచుకోండి.