రేనాటి శాసనాలు – యూనికోడ్ కొత్త ప్రమాణం

కడప జిల్లాలోని కలమళ్ళ శాసనం సా.శ. 575 ప్రాంతానిదని చరిత్రకారుల అభిప్రాయం. ఇటువంటి రేనాటి చోళుల శాసనాలలో 'ఴ' అనే ప్రాచీనాక్షరం ఉంది. తమిళంలో ఆ ధ్వని నేటికీ నిలిచింది. తెలుగులో 'చోఴ' క్రమంగా 'చోడ' అయింది.

1991 నాటి యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగు లిపి ఉన్నా, ఈ అక్షరం లేదు. 2014లో 7.0 ప్రమాణం దీనిని చేర్చింది. అప్పటికే ఉన్న అక్షరాల సంకేతాలు మారలేదు కనుక పాత పాఠాలు చెడిపోలేదు. పాత ఫాంటులో మాత్రం కొత్త అక్షరం బదులు ఖాళీ గడి కనిపిస్తుంది.

ఒక విషయం గమనించండి. లోగడ 'ఴ'కు బదులు 'ళ' అని టైపు చేసిన పాఠాన్ని సాఫ్ట్‌వేర్ తనంతట తాను సరిదిద్దలేదు. ప్రతి 'ళ' మూలంలో 'ఴ' కాదు కదా! కాబట్టి పాఠాన్ని కొత్త ప్రమాణంలోకి మార్చేటప్పుడు శిలపై నుంచి తీసిన అచ్చుతో అక్షరమక్షరం పోల్చాలి. లేకుంటే ధ్వని మార్పుకు మనకున్న ఆధారమే చెరిగిపోతుంది.